వీపు బోసిగా ఉన్న బ్రహ్మ కోడిపిల్లలు: ఆలస్యమా, అనారోగ్యమా?

ప్రశ్న: మా దగ్గర తొమ్మిది బ్రహ్మ జాతి పిల్లలు, వాటితో ఒకేరోజు గుడ్డులోంచి వచ్చిన నాలుగు లెగ్‌హార్న్ పిల్లలు ఒకే బ్రూడర్‌లో (దీపంతో వెచ్చగా ఉంచే పిల్లల గదిలో) పెరుగుతున్నాయి. ఆరు వారాలు నిండాయి. లెగ్‌హార్న్‌లకు నాలుగో వారం దాటేసరికే ఒళ్ళంతా ఈకలు వచ్చేశాయి. బ్రహ్మల్లో మాత్రం మూడింటికి రెక్కలు, కురచ తోక తప్ప వీపు మీదా భుజాల మీదా ఎర్రటి చర్మమే కనిపిస్తోంది. చర్మం మీద తెల్లటి పొట్టు కూడా రాలుతోంది. ఇది చర్మవ్యాధి అని, నూనె రాయమని ఒకరు, ఆ మూడూ పుంజులే, కంగారు పడవద్దని మరొకరు అంటున్నారు. పెద్ద జాతులు త్వరగా బరువెక్కితే కాళ్ళు వంకర పోతాయని విని, నాలుగో వారం నుంచి స్టార్టర్ దాణాలో (చిన్నపిల్లలకు పెట్టే తొలి దాణాలో) సగానికి సగం మొక్కజొన్న నూక కలుపుతున్నాను. నిన్న ఒక పిల్లకు తోక దగ్గర ఈక విరిగి రక్తం కారింది. ఆరు వారాలు దాటాయి కాబట్టి దీపం తీసేయవచ్చా?

జవాబు: మీరు రాసిన లక్షణాలను బట్టి చూస్తే ఆ మూడు పిల్లలకు చర్మవ్యాధి ఉన్నట్లు లేదు. అవి తమ జాతి లక్షణం ప్రకారం ఆలస్యంగా ఈకలు వేసుకుంటున్నాయి. అయితే మీరు కలుపుతున్న మొక్కజొన్న నూక ఆ ఆలస్యాన్ని మరికొంత పెంచి ఉంటుంది. దాన్ని ఈరోజే మానడం మొదలుపెట్టండి, దీపాన్ని మాత్రం ఇప్పుడే తీయకండి, నూనె అసలు రాయకండి. ఎందుకో ఒక్కొక్కటిగా వివరిస్తాను.

మీరు చేసిన పొరపాటు, చాలామంది చేసేదే, బ్రహ్మను లెగ్‌హార్న్ పక్కన పెట్టి పోల్చడం. ఈకలు వేసుకునే వేగంలో ఈ రెండు జాతులూ రెండు కొసల్లో ఉంటాయి. లెగ్‌హార్న్ వంటి తేలికపాటి జాతుల పిల్లలకు పది రోజులకే చిన్న తోక కనిపిస్తుంది, రెక్క ఈకలు తోక మొదలుదాకా సాగుతాయి. అదే వయసులో బ్రహ్మ, కొచ్చిన్, లాంగ్‌షాన్ వంటి బరువు జాతుల పిల్లలు చాలావరకు తోక జాడే లేని గుండ్రటి నూగు ముద్దల్లా ఉంటాయి. తేలిక జాతి పిల్లకు వీపు నాలుగైదు వారాల్లో నిండితే, పెద్ద జాతి పెట్టపిల్లకు ఎనిమిది వారాలు పట్టడం మామూలే. పుంజుపిల్లకు పది వారాలు, కొన్ని వంశాల్లో పన్నెండు వారాలు పట్టినా ఆశ్చర్యపోనక్కర లేదు. కాబట్టి వయసును చూసి తీర్పు చెప్పకుండా, ఈకలు ఏ వరసలో వస్తున్నాయో చూడండి.

ఆ వరస దాదాపు అన్ని జాతుల్లోనూ ఒకటే. ముందు రెక్కల్లో పెద్ద ఈకలు, ఆ తర్వాత తోక, తర్వాత భుజాల మీద రెండు పట్టీలు, రొమ్ముకు ఇరుపక్కలా రెండు పట్టీలు, తొడలు, ఆపైన మెడ, వీపు, పొట్ట కింది భాగం, అన్నిటికంటే చివర తల. ఈకలు మొలిచే కుదుళ్ళు గుడ్డులో ఉండగానే, చర్మమంతటా కాక కొన్ని నిర్దిష్టమైన పట్టీల్లోనే ఏర్పడతాయి. ఆ పట్టీల నడుమ ఉన్న చర్మం ఎప్పుడూ బోసిగానే ఉంటుంది, పెద్ద కోడిలో పక్క ఈకలు దాన్ని కప్పేస్తాయి కాబట్టి మన కంటికి కనిపించదు. పెద్ద జాతి పిల్లలో కుదుళ్ళ సంఖ్య పెరగకుండానే చర్మం వారం వారం సాగిపోతుంది, నూగు అంతంత దూరంగా చెదిరిపోతుంది, కొత్త ఈకలు ఇంకా రాలేదు. అందుకే ఐదారు వారాల దగ్గర ఇవి పుట్టినప్పటికంటే ఇంకా బోసిగా కనిపిస్తాయి. మీ మూడు పిల్లలూ సరిగ్గా ఆ దశలోనే ఉన్నాయి. రెక్కలూ తోకా వచ్చి, భుజాలూ వీపూ రాలేదన్నారు కదా, అంటే వరస తప్పలేదు. రెక్క ఈకలు రాకుండా వీపు నిండినా, ఒక పక్క వచ్చి మరో పక్క రాకపోయినా అప్పుడు అనుమానించాలి.

ఈ సాయంత్రం ఒక పని చేయండి. మూడింటిలో ఒకదాన్ని ఒళ్ళో పెట్టుకుని, మంచి వెలుతురులో, భుజం మీది నూగును నోటితో మెల్లగా ఊది పాయ తీయండి. చర్మం మీద వరసగా సన్నటి ముళ్ళలాంటివి కనిపిస్తాయి. వాటిలో కొన్ని ఇంకా చర్మం కిందే నీలిచుక్కల్లా ఉంటాయి. కాస్త పైకి వచ్చినవాటి మొదలు ముదురు రంగులో, కొస తెల్లగా ఉంటుంది. ఇంకొంచెం ముదిరినవాటి కొస పగిలి, చిన్న కుంచెలా ఈక బయటికి విచ్చుకుంటూ ఉంటుంది. ప్రతి ఈకా ఇలా ఒక ఒరలో చుట్టుకుని పుడుతుంది, పెరుగుతున్నంతకాలం దాని కాడలో రక్తం ప్రవహిస్తుంది, పెరుగుదల ముగిశాక రక్తం వెనక్కి తగ్గి కాడ బోలుగా తయారవుతుంది. ఒర ఎండి, పిల్ల ముక్కుతో దువ్వుకున్నప్పుడల్లా పొలుసుల్లా రాలుతుంది. మీరు చూసిన తెల్లటి పొట్టు చాలావరకు ఇదే. ఆ పొట్టు రాలుతోందంటే ఈకలు విచ్చుకుంటున్నాయన్నమాట. ముళ్ళలాంటి మొలకలు వరసగా కనిపిస్తే మీ బెంగ సగం తీరినట్లే, పెట్టలైతే మరో రెండు మూడు వారాల్లో, పుంజులైతే ఇంకాస్త ఆలస్యంగా వీపు నిండుతుంది.

నూనె ఎందుకు వద్దంటే, కోడికి తోక మొదట్లో సొంత తైలగ్రంథి ఉంటుంది, ఈకలకు కావలసినంత నూనె అక్కడి నుంచే అందుతుంది. పైనుంచి మనం రాసిన నూనె నూగును తడిపి అంటుకుపోయేలా చేస్తుంది, వేడిని నిలిపే గుణం కాస్తా పోతుంది, దానికి దుమ్మూ పొట్టూ అంటి మిగతా పిల్లలు పొడవడానికి ఇంకో ఆకర్షణ తయారవుతుంది.

ఇక ఆ మూడూ పుంజులేనా అన్న సంగతి. మీ మిత్రుడి మాటలో కొంత నిజం ఉంది, కానీ దాని మీద పందెం కాయవద్దు. ఈకలు నెమ్మదిగా రావడానికి కారణమైన జన్యువు లింగ క్రోమోజోముల్లో ఒకటైన జెడ్ మీద ఉంటుంది. నెమ్మదింపజేసే రూపం, వేగంగా వచ్చే రూపం మీద ప్రబలం. కోళ్ళలో పుంజుకు రెండు జెడ్ క్రోమోజోములు, పెట్టకు ఒక్కటే. అందువల్ల స్వచ్ఛమైన బరువు జాతిలో పుంజుపిల్లకు ఆ నెమ్మది గుణం రెండు పాళ్ళు అందుతుంది, పెట్టపిల్లకు ఒక పాలే అందుతుంది. ఒకే పొదుగులో పుంజుల వీపులు ఎక్కువకాలం బోసిగా ఉండటానికి ఇదొక కారణం. వేగంగా ఈకలు వచ్చే పుంజును నెమ్మదిగా వచ్చే పెట్టతో కలిపితే పుట్టే పిల్లల్లో పెట్టలు వేగంగానూ పుంజులు నెమ్మదిగానూ ఉంటాయి కాబట్టి, హేచరీల్లో మొదటిరోజే రెక్క ఈకల పొడవు చూసి వాటిని వేరు చేస్తారు. ఆ పద్ధతి అలా ఉద్దేశపూర్వకంగా కలిపిన సంకరాలకే పనిచేస్తుంది. మీ బ్రహ్మల్లాగా తల్లీ తండ్రీ ఇద్దరూ నెమ్మది రకమే అయితే పెట్టలు కూడా నెమ్మదిగానే ఉంటాయి, తేడా కేవలం తరతమాల్లోకి వెళ్ళిపోతుంది.

నేనూ ఒకసారి ఈ నమ్మకంతో మోసపోయాను. ఏడు వారాలకు నడుం దాకా బోసిగా ఉన్న ఒక బ్రహ్మ పిల్లను పుంజేనని తేల్చి, తెలిసినవాళ్ళకు ఇచ్చేశాను. నాలుగైదు నెలల తర్వాత అది గుడ్లు పెడుతోందని వాళ్ళు నవ్వుతూ చెప్పారు. ఇప్పుడు నేను చూసేవి వేరు. బ్రహ్మకు బఠాణీ గింజలు మూడు వరసల్లో పేర్చినట్లుండే జుట్టు, అంటే తల మీది తురాయి, ఉంటుంది. ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య అది వెడల్పై, గులాబీ నుంచి ఎరుపుకు తిరిగితే పుంజు అనుకోవచ్చు, సన్నగా పసుపు రంగులోనే ఉంటే పెట్ట అనుకోవచ్చు. తిరుగులేని గుర్తు మాత్రం నడుం మీది ఈకలే. పుంజుకు అక్కడ సన్నగా, కోసుగా, మెరుస్తూ ఉండే ఈకలు వస్తాయి, పెట్టకు కొస గుండ్రంగా ఉన్నవి వస్తాయి. పెద్ద జాతుల్లో ఇది తేలడానికి మూడు నెలలు దాటుతుంది. అంతవరకు దేన్నీ ఇచ్చేయకండి.

మీరు ఎక్కువ శ్రద్ధ పెట్టవలసినది దాణా మీద. ఈకలో దాదాపు తొంభై శాతం కెరాటిన్ అనే మాంసకృత్తే. అందులోనూ మాంసకృత్తులకు ముడిసరుకైన అమైనో ఆమ్లాల్లో గంధకం ఉన్నవి, అంటే సిస్టీన్, దానికి మూలమైన మెథియోనిన్, చాలా ఎక్కువగా కావాలి. పెరుగుతున్న పిల్ల ఒకేసారి కండనూ ఈకనూ తయారుచేసుకోవాలి, తిండిలో సరుకు తక్కువైతే ఈకల పని వెనకబడుతుంది. మీ స్టార్టర్ దాణాలో మాంసకృత్తులు 20 శాతం ఉన్నాయనుకుందాం. మొక్కజొన్నలో సుమారు 8 నుంచి 9 శాతమే ఉంటాయి. సగానికి సగం కలిపితే పిల్లకు అందేది సుమారు 14 శాతం. పైగా మొక్కజొన్నలో మెథియోనిన్, లైసిన్ అనే మరో అమైనో ఆమ్లం రెండూ కొరతే. ఇంతటితో ఆగదు: దాణాలో కలిపిన జింకు, మాంగనీసు, బయోటిన్, పాంటోథెనిక్ ఆమ్లం వంటి ఖనిజాలు, విటమిన్లన్నీ కూడా సగానికి పడిపోతాయి. వీటి లోపం వల్ల ఈకలు గరుకుగా, చివికినట్లు వస్తాయి. కాళ్ళ గురించి మీరు పడ్డ భయమూ నిజమైనదే. కానీ కాళ్ళ ఎముకలకు, కీళ్ళకు కావలసిన మాంగనీసు, విటమిన్లు కూడా ఆ దాణాలోనే ఉన్నాయి. కాళ్ళను కాపాడాలని చేసిన పని కాళ్ళకే లోటు తెచ్చిపెడుతుంది.

కాబట్టి నూకను నాలుగైదు రోజుల్లో క్రమంగా తగ్గించి పూర్తిగా మానేయండి. వీపులు నిండేవరకు, అంటే కనీసం ఎనిమిది వారాల వరకు, 20 శాతం మాంసకృత్తులున్న స్టార్టరే పెట్టండి. ఆ తర్వాత 16 నుంచి 18 శాతం ఉండే గ్రోయర్‌కు (ఎదిగే పిల్లల దాణాకు) మారవచ్చు. వారానికి రెండు మూడుసార్లు ఉడికించిన గుడ్డును మెత్తగా చిదిపి కొద్దిగా పెడితే మంచిదే, గుడ్డులో మెథియోనిన్ బాగా ఉంటుంది. అయితే ఈకలు త్వరగా రావాలన్న ఆత్రంలో మెథియోనిన్ పొడి విడిగా కొని నీళ్ళలో కలపవద్దు, మోతాదు మించితే అదే ఎదుగుదలను దెబ్బతీస్తుంది. గుడ్లుపెట్టే కోళ్ళ దాణాలో మాంసకృత్తులు ఉన్నాయి కదా అని అది వేయడం ఇంకా ప్రమాదం. అందులో కాల్షియం మూడున్నర, నాలుగు శాతం దాకా ఉంటుంది, ఒక శాతం చాలిన పిల్లల మూత్రపిండాలు దానికి తట్టుకోలేవు.

దాణా సరిచేసిన మర్నాటి నుంచే మార్పు కనబడాలని ఎదురుచూడకండి. ఒకసారి పెరుగుదల ముగిసిన ఈకకు తిరిగి పోషణ అందదు, అది రాలి కొత్తది వచ్చేదాకా అలాగే ఉంటుంది. రెక్క ఈకను వెలుతురుకు పట్టి చూస్తే దానికి అడ్డంగా సన్నటి బలహీనమైన గీతలు కొన్నిసార్లు కనిపిస్తాయి. ఈక పెరుగుతున్న రోజుల్లో పిల్లకు జబ్బో, ఆకలో, చలో ఎదురైన ఆనవాలు అది. మీ పిల్లల్లో ఇలాంటి గీతలున్నా బెంగపడవద్దు, తర్వాతి ఈకలు చక్కగా వస్తాయి.

తర్వాతి ఈకలు అనగానే ఒక హెచ్చరిక చేయాలి. నూగు పోయి వచ్చే ఈ తొలి ఈకలు శాశ్వతం కావు. ఏడెనిమిది వారాల నుంచి పిల్లలు వీటినీ రాల్చి మరో విడత వేసుకోవడం మొదలుపెడతాయి, ఈడుకు వచ్చేలోపు ఇలా ఒకటికంటే ఎక్కువసార్లు జరుగుతుంది. మీ బ్రహ్మల్లో వీపు ఇంకా పూర్తిగా నిండకముందే రెక్క ఈకలు రాలడం చూసి, మళ్ళీ ఏదో వచ్చిందని కంగారు పడే అవకాశం ఉంది. రెక్క చివరి భాగంలో ఉండే పది పెద్ద ఈకల్లో లోపలిదాని నుంచి బయటికి వరసగా, రెండు రెక్కల్లోనూ ఇంచుమించు ఒకేసారి రాలుతుంటే అది సహజమైన మార్పు.

దీపం సంగతి. మొదటి వారంలో 32 నుంచి 35 డిగ్రీల సెల్సియస్, ఆ తర్వాత వారానికి సుమారు మూడు డిగ్రీలు తగ్గించుకుంటూ పోయి, ఐదారు వారాలకు 20 డిగ్రీల దగ్గరికి తేవడం అందరూ పాటించే లెక్క. ఆ లెక్క సరైన వయసుకు ఈకలు వచ్చే జాతులను దృష్టిలో పెట్టుకుని వేసింది. మీ మూడు పిల్లలకు ఇంకా దుప్పటి లేదు. కనుక వాటికి రాత్రిపూట వెచ్చదనం వీపు నిండేదాకా కావాలి. అలాగని బ్రూడర్ మొత్తాన్ని వేడెక్కించవద్దు, ఎడతెగని వేడిలో పెరిగిన పిల్లలకు ఈకలు ఇంకా నెమ్మదిగా వస్తాయి, లెగ్‌హార్న్‌లేమో ఉక్కకు నోరు తెరిచి రొప్పుతాయి. దీపాన్ని ఒక మూలకు జరిపి, మిగతా స్థలాన్ని చల్లగా వదిలేయండి. కావలసినది వెళ్ళి కాచుకుంటుంది, అక్కరలేనిది దూరంగా పడుకుంటుంది. చీకటి పడ్డాక ఒక గంట ఆగి వెళ్ళి చూడండి: మూడు పిల్లలూ దీపం కింద ఒకదాని మీద ఒకటి ఎక్కి కీచుమని అరుస్తుంటే వేడి చాలడం లేదు, దీపానికి కాస్త ఎడంగా, విడివిడిగా, కాళ్ళు చాపుకుని నిశ్శబ్దంగా పడుకుంటే సరిపోయింది. పగలు గాలి వెచ్చగా ఉండి అవి దీపం దగ్గరికి పోనేపోకపోతే పగటిపూట ఆర్పేయవచ్చు.

రక్తం కారిన ఈక విషయాన్ని తేలికగా తీసుకోవద్దు. పెరుగుతున్న ఈకలో రక్తం ఉంటుందని పైన చెప్పాను. అది విరిగితే కారడం సహజమే, శుభ్రమైన గుడ్డతో కొద్ది నిమిషాలు నొక్కిపట్టి, కాస్త మొక్కజొన్న పిండి అద్దితే ఆగుతుంది. మొదలును పీకేయాలని చూడకండి, కుదురు దెబ్బతింటుంది. అసలు ప్రశ్న అది ఎలా విరిగిందన్నది. తోక దగ్గర విరిగిందంటే పక్క పిల్ల పొడిచి ఉండటానికే ఎక్కువ అవకాశం. రక్తపు ఎరుపు కంటపడితే కోడిపిల్లలు ఊరుకోవు, బోసి వీపు మీది ముదురు రంగు మొలకలు కూడా వాటిని ఊరిస్తాయి. ఈకలు నిండి చురుగ్గా తిరిగే లెగ్‌హార్న్‌లు, బోసిగా నెమ్మదిగా ఉండే బ్రహ్మలు ఒకే చోట ఉన్నాయి కాబట్టి ఎవరి మీద నాకు అనుమానమో మీకు అర్థమయ్యే ఉంటుంది. లెగ్‌హార్న్‌లను ఈ వారమే వేరుచేయండి. దెబ్బతిన్న పిల్లను గాయం మానేదాకా, మిగతావి కనబడేలా తడిక అడ్డుపెట్టి విడిగా ఉంచితే తర్వాత మందలో కలపడం తేలిక. ఆరు వారాల బ్రహ్మ పిల్లకు కనీసం రెండు చదరపు అడుగుల చోటు ఇవ్వండి, తెల్లటి దీపం వాడుతుంటే ఎర్రదానికి మార్చండి, ఒళ్ళు పొర్లించుకోవడానికి పొడి మన్ను ఉన్న వెడల్పాటి గంప ఒకటి పెట్టండి.

పిల్లను పట్టుకున్నప్పుడే మలద్వారం చుట్టూ, రెక్కల కింద ఈకల మొదళ్ళు చూడండి. గడ్డి రంగు పేలు పరుగెత్తినా, ఈకల మొదట్లో తెల్లటి గుడ్లు గుత్తులుగా అంటుకుని ఉన్నా అది పేల బాధ, ఒరల పొట్టు కాదు. పొట్టు ఊదితే ఎగిరిపోతుంది, పేల గుడ్లు ఊడవు. పేలు ఉంటే పశువైద్యుడు చెప్పిన మందు వేసి, గుడ్లు పగిలి వచ్చే కొత్త పేల కోసం వారం పది రోజులకు మళ్ళీ వేయాలి, ఒక్కసారితో వదిలేస్తే ప్రయోజనం ఉండదు.

బ్రహ్మలకు కాళ్ళ మీద, బయటి వేలు మీద, నడిమి వేలు మీద కూడా ఈకలు వస్తాయి. మీరు వాటి గురించి రాయలేదు కానీ, ఇప్పుడు మొలకెత్తుతున్నవి అవే. తడి లిట్టర్‌లో (నేల మీద పరిచిన పొట్టులో) రెట్ట ఉండలు కట్టి వేళ్ళకు పట్టేస్తుంది, లాగితే మొలకలు ఊడి రక్తం వస్తుంది. ఉండ కట్టి ఉంటే గోరువెచ్చని నీళ్ళలో నానబెట్టి మెత్తబడ్డాక తీసి, పొడిగా తుడిచి వదలండి.

పశువైద్యుడి దగ్గరికి ఎప్పుడు వెళ్ళాలంటే: ఊది చూసినప్పుడు భుజాల మీద మొలకలే లేకపోతే, చర్మం మీద పుండ్లూ చీమూ ఉంటే, పిల్ల మేత మాని రెక్కలు వేలాడేసి కళ్ళు మూసుకుని నిలబడితే, రెట్టలో రక్తం కనబడితే, లేదా రెక్క ఈకలు మధ్యలో విరిగి ఒంటికి అడ్డంగా నిలుచుంటే. చివరిది పేగులు దాణాను సరిగ్గా గ్రహించలేని జబ్బుల్లో కనిపించే గుర్తు, దానికి దాణా మార్చినంత మాత్రాన లాభం ఉండదు. ఆ మూడు పిల్లల్నీ వారానికోసారి తూచి రాసుకోండి. వీపు బోసిగా ఉన్నా బరువు ప్రతివారం పెరుగుతుంటే వేచి చూడవచ్చు, బరువు ఒకచోట ఆగిపోతే ఈకల కోసం ఆగకుండా తీసుకెళ్ళండి. పదో వారానికి కూడా భుజాలు నిండకపోతే, అప్పటి బరువులు, పెడుతున్న దాణా వివరం, వీపు ఫోటోతో మళ్ళీ రాయండి.